నీలి తోడు

పొన్నలంక బజారులో ఆ పొద్దున పాల సూరిబాబు మహా ధీమాగా నిలబడ్డాడు. మోటారుసైకిలుకి అటో క్యాను, ఇటో క్యాను, నుదుట విభూతి, నోట్లో వేపపుల్ల. తనిఖీ అంటే అతనికి పాత చుట్టరికమే. శాంపిలు తీస్తారు, సీలు వేస్తారు, ఎక్కడికో పంపిస్తారు. రిపోర్టు వచ్చేసరికి ఆ పాలు తాగిన పిల్లలు బళ్ళో కూడా చేరిపోతారు.

"చూస్కోండి మేడమ్ గారూ. తల్లిపాలతో సమానమండి," అన్నాడు.

కాత్యాయని సంచి విప్పింది. జిల్లా ఆహార పరీక్షాశాలకి ఆమే పెద్ద. మాటకి మాట అనడం కన్నా చేత్తో చూపించడం ఆమెకి ఇష్టం. పక్కనున్న ఫుడ్ ఇన్‌స్పెక్టరు ఇమ్మానుయేలు గాజుగ్లాసులో పాలు పోయించాడు. ఆమె సంచిలోంచి వేలెడంత సీసా తీసి, ఒకే ఒక్క చుక్క అందులో వేసింది. చుట్టూ మూగిన జనం మెడలు సాచారు.

సూరిబాబు వేపపుల్ల ఈ దవడ నుంచి ఆ దవడకి మారేలోగా గ్లాసు అడుగున నీలం మొదలైంది. సన్నగా పైకి పాకింది. చూస్తూండగానే పాలన్నీ తెల్లబట్టలకి పెట్టే నీలిమందు రంగుకి తిరిగాయి.

"ఏం కలిపావు?" అన్నాడు ఇమ్మానుయేలు.

"అయ్యబాబోయ్! సబ్బుపొడండి. చిటికెడేనండి, నురగ కోసం! చిటికెడుకే ఇంత రంగేటండి?"

"చిటికెడు విషమైనా విషమే," అంది కాత్యాయని.

ఆ మాట ఆమెకి ఊతపదం. ఇంట్లో కూతురికి అన్నం పెట్టేటప్పుడు కూడా అదే అనేది. ఇన్నాళ్ళూ ఆ మాటకి రుజువు చూపించే సాధనం మాత్రం లేదు. ఇప్పుడు సీసాలో ఉంది. దాని పేరు నీలి. కంటికి కనపడని సూక్ష్మజీవి. పురుగుమందుల గోదాము వెనక మురుగులో, ఏదీ బతకని చోట బతుకుతూ దొరికితే, తెచ్చి సాకి, మందలించి, జుట్టు నెరిసేదాకా దాని వెంటపడి, ఒంటికి పడనిది ఏది తగిలినా నీలం కక్కేలా తయారు చేసింది. ఏం కలిసిందో నీలి చెప్పదు, ఎంత కలిసిందో కూడా చెప్పదు. కలిసిందా లేదా, అంతే.

"కాస్తో కూస్తో అయితే చూసీచూడనట్టు పోయేలా చెయ్యకూడదా మేడమ్?" అని ఇమ్మానుయేలు అప్పట్లోనే అడిగాడు. కాత్యాయని నవ్వి, "దానికి మన ఆఫీసు గుణం అబ్బాలంటావా?" అంది. చెరువులో చుక్క పడినా పసిగట్టేలా నీలిని సానపట్టింది. అది ఆమె గర్వం. నీలి వచ్చాక పరీక్షాశాలలో పాత యంత్రాలు దండగని పైవాళ్ళు తుక్కు కింద తోలించేస్తే, ఆమె ఆపలేదు కూడా.

సూరిబాబు క్యాన్లు కాలవలో బోర్లించాక, వంతు పెరుగు గంగరత్నానికి వచ్చింది. ఆ ఊళ్ళో ఆవిడ పెరుగంటే పేరు. ఏటి మధ్య లంకలో సొంత గేదెలు, సొంత గడ్డి, అత్తగారి కాలం నాటి తోడు. కుండ అంచుని పట్టుకుని వంచినా పెరుగు కదలదు. ఇమ్మానుయేలు ఒక ముంతలోకి తీశాడు. చుక్క పడింది. జనం చూశారు, గంగరత్నం కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ పిలిచింది. పెరుగు తెల్లగా ఉంది. ఎంతసేపు చూసినా తెల్లగానే ఉంది.

బజారంతా ఈలలు వేసింది. కాత్యాయనికి పట్టరానంత సంతోషం కలిగింది. తప్పు పట్టుకోవడం ఎవరైనా చేస్తారు. మంచిది మంచిదని నలుగురిలో చెప్పే భాగ్యం ఆ ఉద్యోగంలో ఎప్పుడోగాని రాదు.

పరీక్ష చేసిన సరుకు బ్లీచింగు నీళ్ళ బకెట్లో పారబొయ్యాలని నిబంధన. ఇమ్మానుయేలు ముంత ఎత్తేసరికి గంగరత్నం గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. "శుక్రవారం పూట పెరుగు పారబోత్తారేటండి బాబూ! ఇల్లు నిలబడతాదా? మంచిదని మీరే అన్నారు కదండి!"

ఇమ్మానుయేలు మేడమ్ వైపు చూశాడు. నీలి బయట బతకదని ఆమెకి తెలుసు. పరీక్షాశాలలో దానికి పెట్టే మేత వేరు. అది లేకపోతే పొద్దుగూకేలోపు చచ్చిపోతుంది. పాడిని నేలపాలు చెయ్యడానికి ఆమె చేతులూ రాలేదు. "ఉంచుకోనీ," అంది.

అంతే. "గంగరత్నమా, ఆ ముంతలోది నాకో చెంచాడు పొయ్యవే, తోడుకి," అంది ఒకావిడ. "నాకూ" అంది ఇంకొకావిడ. ఆఫీసరమ్మ మెచ్చిన పెరుగు తోడేస్తే ఇంటి పెరుగూ అలాగే తయారవుతుందని ఎవరికి ఆశ ఉండదు? గిన్నెలు వచ్చాయి, గ్లాసులు వచ్చాయి, ఏమీ లేనివాళ్ళు ఆకుదొన్నెలు పట్టుకొచ్చారు. ముంత ఖాళీ అయింది. మర్నాటి నుంచి ఆ తోడు గోడమీదుగా పక్కింటికి, పక్కింటి నుంచి వెనకవీధికి, ఆడపడుచు చేతి టిఫిను క్యారియర్లో పక్క ఊరికి పోయింది. కాత్యాయని ఇంటికి కూడా వచ్చింది. ఆమె ఇంట్లో అప్పుడు కూతురు లహరి పురిటికి వచ్చి ఉంది.

మొట్టమొదట నోరు నీలమైంది మిఠాయికొట్టు ఆచంట వెంకటరాజుకి. తన కొట్లో లడ్డు తానే తిని, గల్లాపెట్టె దగ్గర ఆవలించాడు. ఎదురుగా ఉన్న బేరం ఆసామి కెవ్వుమన్నాడు. నాలుక, చిగుళ్ళు, పెదవుల లోపల అంతా నీలం. ఊరు పగలబడి నవ్వింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, హోటళ్ళవాళ్ళందరూ మూతి తుడుచుకుంటూ తిరిగారని చెప్పుకున్నారు.

కాత్యాయని నవ్వలేదు. వెంకటరాజు నాలుక మీంచి దూదితో తీసుకొచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు. లేచి, కుర్చీ ఇమ్మానుయేలుకి ఇచ్చింది.

"ఇది మన నీలే కదా మేడమ్? చచ్చిపోవాలి కదా ఇది?"

"పెరుగులో ఉండేవాటి పక్కన చేరింది. వాటి దగ్గర బతికే విద్య తీసుకుంది. సూక్ష్మజీవులు ఒకదానికొకటి గుణాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. పుస్తకంలో తెలుసు."

"మనవాళ్ళు గోడమీంచి తోడు అడుక్కున్నట్టేనన్నమాట," అన్నాడు ఇమ్మానుయేలు.

"ఇక అది కడుపులో బతుకుతుంది. నోట్లో బతుకుతుంది. తిన్నదాంట్లో ఏమున్నా చెబుతుంది."

"ఒంటికి హాని చేస్తుందా?"

"చెయ్యదు. నిజం చెబుతుంది, అంతే."

హాని లేదన్నారు కాబట్టి ఊరికి అది మొదట పండగే అయింది. ప్రతివాడి నోరూ ఒక తనిఖీ కేంద్రమే. బిర్యానీ తిని అద్దంలో చూసుకోవడం, నీలమైతే హోటలు మీదకి గుంపుగా వెళ్ళడం. కారానికి రంగు కలిపేవాళ్ళు, నూనె మళ్ళీ మళ్ళీ కాచేవాళ్ళు, మామిడికాయల మీద మందు చల్లి మగ్గబెట్టేవాళ్ళు అంతా కొట్లు మూసుకున్నారు. సూరిబాబు ఊరే వదిలిపోయాడు. మునిసిపాలిటీ వాళ్ళు కాత్యాయనికి శాలువా కప్పారు. ఇంటికొచ్చి ఆ శాలువాని ఆమె పొత్తిళ్ళలో మనవరాలికి కప్పి, "నీ కాలం బాగుంటుందే బుజ్జీ," అని ముద్దాడింది. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగా అంది.

తర్వాత నీలం తగ్గాలి కదా. తగ్గలేదు. హోటలు మానేసి ఇంట్లో వండుకున్నవాళ్ళకీ నోరు నీలమే. బియ్యం కడిగి, మళ్ళీ కడిగి వండితే నీలం కాస్త పలచబడింది తప్ప పోలేదు. వంకాయలో మందు, ఆకుకూరలో మందు, చేపలో చెరువు మందు, చెరువులో మిల్లు నీళ్ళు. సొంత పొలం ఉన్న రైతు గర్వంగా తన బియ్యం తాను వండుకు తిని, గర్వంగా నోరు తెరిచి, మూసేశాడు. పక్క పొలం మందు గాలికి రాదా, కాలవకి గట్లుంటాయా? గంగరత్నం పెరుగు కూడా వానలు పడి లంకలోకి వరదనీరు వచ్చాక నీలమైంది. ఆవిడ కుండ ఎదురుగా కూర్చుని, ఎవరో పోయినట్టు రాగాలు తీసి ఏడ్చింది. తిలా పాపం తలా పిడికెడు అంటారే, ఆ పిడికెడు ఎవరి నోట్లో వాళ్ళకి కనబడసాగింది.

అప్పటినుంచి పొన్నలంకలో నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. పెళ్ళిభోజనాల్లో ఎవరి విస్తరిలోకి వాళ్ళు తలదించుకుని తిన్నారు. కొందరు తినడమే తగ్గించారు. తినకపోతే ఎలా? నీలం చూసి తినలేక, ఆకలికి ఆగలేక, అద్దాలు గోడకి తిప్పేశారు.

ఇదంతా కాత్యాయని ఓర్చుకుంది. నిజం తెలియడం మొదట్లో నొప్పేనని, కొన్నాళ్ళకి పొలాలు బాగుపడతాయని, మనుషులు మారతారని తనకి తాను చెప్పుకుంది. అంతలో ఒక పొద్దున లహరి కేక వినపడింది.

గది లోపలికి వెళ్ళేసరికి లహరి మంచం మీద కూర్చుంది. బిడ్డని ఒళ్ళోంచి దూరంగా, చాచిన చేతుల మీద పట్టుకుంది. పాలు తాగుతూ మధ్యలో విడిపోయిన ఆ పసిది వెక్కుతోంది. దాని బోసినోరు నీలంగా ఉంది. పెదవి కొసన జారుతున్న పాలచుక్క కూడా నీలమే.

"అమ్మా, నా పాలమ్మా..."

కాత్యాయని బిడ్డని అందుకుంది. ఆమెకి కారణం తెలుసు. ముద్దుల వెంట నీలి బిడ్డ నోటికీ చేరింది. పుట్టినప్పటినుంచి లహరి తిన్న ప్రతి ముద్దలోంచీ ఇంత మందు ఒంటి కొవ్వులో చేరి దాక్కుంది. ఇప్పుడు పాలతో బయటికి వస్తోంది. కూతురికి ఆ ముద్దలు కలిపి పెట్టింది ఎవరు? తనే.

"లహరీ, విను. ఇది చాలా కొంచెం. లెక్కలోకి రానంత. డాక్టరుగారిని అడుగు కావాలంటే, ఎలా ఉన్నా తల్లిపాలే మంచివి."

"కొంచెమా?" లహరి తల్లిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "చిటికెడు విషమైనా విషమే అన్నావు. ఐస్‌క్రీము చేతిలోంచి లాగి పారేసి మరీ అన్నావు. నా బిడ్డకొచ్చేసరికి కొంచెమైందా?"

డాక్టరమ్మ వచ్చి చెప్పింది. అల్లుడు ఫోనులో బతిమాలాడు. లహరి వినలేదు. రవికె తడిసిపోతున్నా, రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చినా, పాలు పిండి పారబోసింది గాని బిడ్డ నోటికి ఇవ్వలేదు. మేకపాలు తెచ్చారు, నీలం. డబ్బాపాలు కలిపారు, కలిపిన నీళ్ళతో సహా నీలం. గంజి నీలం. పంచదార నీళ్ళు కూడా నీలమైనప్పుడు లహరి ఉగ్గుగిన్నె గోడకేసి కొట్టింది. బిడ్డకి ఏడ్చే ఓపిక కూడా తగ్గింది. ఆస్పత్రిలో సూదితో గ్లూకోజు ఎక్కించి పంపారు. ఎక్కించిన సాయంత్రం కూడా పెదవుల మీద నీలినీడ కనిపించింది.

కాత్యాయని ఆ బిడ్డ డొక్కల మీద చెయ్యి వేసి చూసింది. వేళ్ళకి ఎముకలు తగిలాయి. లేచి చెప్పులు వేసుకుని పరీక్షాశాలకి పోయింది.

ఇమ్మానుయేలు వచ్చేసరికి ఆమె నీలిని పెంచే గాజుపళ్ళేల ముందు కూర్చుని ఉంది. నీలిలో చూసే గుణం ఎక్కడుందో ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పెంచిన చేత్తోనే దాన్ని కత్తిరిస్తోంది.

"ఏం చేస్తున్నారు మేడమ్?"

"గుడ్డినీలి. ఏం తగిలినా రంగు రాదు. పాతదానికన్నా తొందరగా పెరుగుతుంది. పెరుగులో కలిపితే కొన్నాళ్ళకి అన్ని నోళ్ళలోనూ పాతదాన్ని తోసేసి ఇదే ఉంటుంది."

ఇమ్మానుయేలు ఆమె ఎదురుగా కూలబడ్డాడు. నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆవేళ గొంతు పెంచాడు. "సీసాలో మనది ఉంటుందా మరి? పరీక్షకి?"

"ఉండదు. గాలికీ చేతికీ అంటుకుని ఇక్కడికీ వస్తుంది. ఇచ్చిపుచ్చుకోకుండా ఉండవుగా. దీని గుడ్డితనం అన్నింటికీ అంటుకుంటుంది. మళ్ళీ చూసేదాన్ని తయారు చేసినా నిలవదు."

"పాత యంత్రాలు కూడా లేవు మేడమ్ మనకి! అంటే, ఇంక ఈ జిల్లాలో ఎవడేం కలిపినా..."

"తెలుసు."

"జనం ఇప్పుడిప్పుడే పొలాల్లో మందు తగ్గిస్తున్నారు మేడమ్! మా అన్నయ్య మానేశాడు. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే..."

"నా మనవరాలికి ఇంకొన్నాళ్ళు లేవు, ఇమ్మానుయేలు."

అతనికీ పిల్లలున్నారు. లేచి, ఆవిడ అడగకుండానే పాలు కాచే గిన్నె కడిగి తెచ్చి పెట్టాడు. అలా పెడుతూ అతను ఏడుస్తున్నాడని కాత్యాయని చూసింది, చూడనట్టు తలతిప్పుకుంది.

ఆ పెరుగుని ఆమె స్వయంగా తీసుకెళ్ళి గంగరత్నానికి ఇచ్చింది. "నీ తోడు మళ్ళీ బాగుపడుతుంది. దీంతో వెయ్యి. నలుగురికీ ఇయ్యి," అంది. గంగరత్నం ఆ గిన్నెని కళ్ళకద్దుకుంది. కాత్యాయనికి ఆవిడ కళ్ళలోకి చూసే ధైర్యం చాలలేదు.

తోడు మళ్ళీ గోడలు దాటింది. ముందు గంగరత్నం పేటలో, తర్వాత పెద్దవీధిలో, తర్వాత ఊరంతటా నోళ్ళు ఎర్రబడ్డాయి. జనం ఒకరికొకరు నాలుకలు చాపి చూపించుకున్నారు. నూటొక్క కొబ్బరికాయలు కొట్టించినవాళ్ళు కొట్టించారు, చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించినవాళ్ళు పెట్టించారు. మందు తగ్గించినందువల్లే బాగైందని కొందరు, దేవుడి దయని కొందరు. బాగైంది కదా అని మందు తగ్గించినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. ఆచంట వెంకటరాజు కొట్టు తెరిచి, మొదటి రోజు లడ్డూలు ఉచితంగా పంచాడు.

అందాకా ఆస్పత్రి గ్లూకోజు మీదే నిలబడిన బిడ్డ నోరు ఎర్రబడిన రోజున లహరి దాన్ని గుండెకి హత్తుకుని రొమ్ము అందించింది. బిడ్డ ఆత్రంగా పట్టుకుంది. లాగింది. వదిలేసి ఏడ్చింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ ఏడ్చింది. లహరి ఇటు తిప్పింది, అటు తిప్పింది. పారబోసి పారబోసి, ఇంకిపోయాయి. మెంతులు, వెల్లుల్లి, బాలింతలకి పెట్టేవన్నీ పెట్టి చూశారు. ఒక్క చుక్క రాలేదు.

"ఏం ఫరవాలేదులే అమ్మా," అంది లహరి కళ్ళు తుడుచుకుని. "ఇప్పుడు బయట పాలు మంచివేగా."

ఆ బయట పాలు తెచ్చింది, ఊరికి తిరిగొచ్చిన సూరిబాబు. అదే మోటారుసైకిలు, అవే క్యాన్లు, అదే వేపపుల్ల. వీధిమలుపులో ఇమ్మానుయేలుతో పాటు నిలబడి, అలవాటు ప్రకారం కాత్యాయని గ్లాసులో చుక్క వేసింది. పాలు తెల్లగా ఉన్నాయి. సూరిబాబు కళ్ళు పెద్దవయ్యాయి. ఆ ఆశ్చర్యం ఒక్క క్షణమే. మరుక్షణం అతని మొహం మీదికి నవ్వు వచ్చింది, అంతా అర్థమైనవాడి నవ్వు. "సంతకం ఎట్టెయ్యండి మేడమ్ గారూ," అన్నాడు. పట్టుకోవడానికి ఆధారం లేదు. ఆమె సంతకం పెట్టింది.

ఇంటికొచ్చేసరికి స్టవ్వు మీద పాలు కాగుతున్నాయి. పొంగు మరీ ఎక్కువగా, మరీ తెల్లగా ఉంది. కాత్యాయని గిన్నెలోంచి కాసిని పాలు తీసి, చల్లార్చి, రెండు వేళ్ళ మధ్య రాసింది. జారుతోంది. సబ్బు జారుడు. నీలి పుట్టకముందు, యంత్రాలూ లేనప్పుడు, వాళ్ళమ్మ అలాగే చూసేది.

"లహరీ, ఈ పాలు వద్దు. ఇందులో సబ్బుంది."

లహరి బిడ్డని ఒళ్ళో వేసుకుని, కొత్త ఉగ్గుగిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంది. తల ఎత్తలేదు. "పొద్దున పట్టాను. నోరు ఎర్రగానే ఉంది."

"నీలి ఇప్పుడు చూడదమ్మా. నేనే దాని కళ్ళు తీసేశాను. ఇదిగో, నీ చేత్తో నువ్వే రాసి చూడు."

లహరి చెయ్యి చాపలేదు. తల మాత్రం ఎత్తింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. ముందే తెలుసో, ఇప్పుడే తెలిసిందో, తెలుసుకోకూడదని ఎప్పుడో నిర్ణయించుకుందో, కాత్యాయనికి అంతుపట్టలేదు.

"వేరే ఏవైనా ఉన్నాయా అమ్మా?" అంది మెల్లగా. "గంగరత్నం లంక మునిగింది. డబ్బాపాలకి మంచి నీళ్ళెక్కడివి? నావి లేవు. సబ్బుందని చెప్పావు. సరే. మరి దీనికేం పట్టమంటావు? అది చెప్పు."

కాత్యాయని గూట్లో డబ్బాలన్నీ ఒక్కొక్కటే తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది. జీవితమంతా తిండి గురించి చదివిన మనిషి. బిడ్డ ఆకలికి తల అటూ ఇటూ తిప్పుతూ, ఏదీ దొరక్క తన పిడికిలే చప్పరిస్తోంది.

"దానికి కళ్ళు తీసేసి మంచిపని చేశావు," అంది లహరి. "మళ్ళీ పెట్టకు."

పాలు పొంగి స్టవ్వు మీద పడ్డాయి. కాత్యాయని వెళ్ళి మంట ఆర్పింది. పైనున్న నురగ గరిటెతో తీసేసింది, తీసిన కొద్దీ వస్తూనే ఉంది. ఇక తియ్యడం మానేసి, ఉగ్గుగిన్నె నింపి, ముంజేతి మీద చుక్క వేసుకుని వేడి చూసుకుంది. కూతురి ఒళ్ళోంచి బిడ్డని తీసుకుని, తన మోకాళ్ళ మీద వేసుకుని, తనే పట్టింది.

బిడ్డ గుటకలు వేస్తూ తాగింది. కడుపు నిండాక బోసినోరు తెరిచి అమ్మమ్మని చూసి నవ్వింది. నోరు ఎర్రగా ఉంది.